వార్ట్‌బర్గ్ కోటలో ఒక చలికాలం

డిసెంబరు వచ్చిందంటే మన సంఘాల్లో ఎవరికీ తీరిక ఉండదు. సెమీ క్రిస్మస్‌లు, కేరల్స్ రౌండ్లు, సండేస్కూలు పిల్లల నాటికలు, నక్షత్రాలు కట్టడాలు, ఆఖరికి వాచ్‌నైట్ సర్వీసు. కొత్త సంవత్సరం మొదటి ఆదివారానికి పాస్టరుగారికి గొంతు ఉండదు, క్వయర్‌లో సగంమంది జలుబుతో పడకేసి ఉంటారు. చలికాలం విశ్రాంతి కాలమని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. అయితే 500 ఏళ్ల క్రితం మనలాగే తీరిక ఎరుగని ఒక దైవజనునికి విశ్రాంతి బలవంతంగా దొరికింది. ఆయన దాన్ని ఏమాత్రం కోరుకోలేదు. దొరికాక చాలా నెలలు దానితో ఏం చేయాలో కూడా ఆయనకు తెలియలేదు.

ఆయన మార్టిన్ లూథర్. 1521 ఏప్రిల్ 18న వర్మ్స్ పట్టణంలో చక్రవర్తి ఎదుట నిలబడి, తాను రాసినవాటిని వెనక్కి తీసుకోనని చెప్పాడు. అప్పటికే పోపు ఆయనను వెలివేశాడు. ఇప్పుడు చక్రవర్తి శాసనం కూడా రాబోతోంది. అది వచ్చాక ఆయనకు ఎవరూ ఆశ్రయం ఇవ్వకూడదు, ఆయన పుస్తకాలు ఎవరూ చదవకూడదు. తిరుగు ప్రయాణంలో, మే 4న, తూరింగియా అడవిలో కొందరు గుర్రపు రౌతులు ఆయన బండిని అడ్డగించి ఆయనను ఎత్తుకుపోయారు. లూథర్ చనిపోయాడనే వదంతి దేశమంతా పాకింది. అంట్వెర్ప్‌లో ఉన్న చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ ఆ వార్త విని తన డైరీలో శోకించాడు.

నిజానికి అది సాక్సనీ పాలకుడు ఫ్రెడరిక్ ఆడించిన నాటకం. లూథర్‌ను కాపాడటానికి ఐజెనాఖ్ ఊరిపైన కొండమీదున్న వార్ట్‌బర్గ్ కోటలో దాచిపెట్టాడు. సన్యాసి అంగీ తీసేయించి దొర బట్టలు వేయించారు. గుండు మీద జుట్టు, గడ్డం పెంచమన్నారు. పేరు కూడా మార్చి యుంకర్ యోర్గ్ అన్నారు. ఆ కొండ కింది ఊళ్లోనే చిన్నప్పుడు చదువుకుంటూ ఇంటింటి ముందు పాటలు పాడి రొట్టె అడుక్కున్న పిల్లవాడు, 37 ఏళ్ల వయసులో అదే కొండమీద మారుపేరుతో బందీ అయ్యాడు.

రోజూ పాఠాలు, ప్రసంగాలు, ఉత్తరాలతో మునిగి తేలిన మనిషికి ఒక్కసారిగా చేతుల్లో పని లేకుండా పోయింది. నిద్ర పట్టేది కాదు. తీవ్రమైన మలబద్ధకం నెలల తరబడి వేధించింది. ఇలాంటివి మన జీవితచరిత్రల్లో సాధారణంగా దాచేస్తాం గాని, ఆయన మాత్రం స్నేహితులకు దాచకుండా రాశాడు. రాత్రుళ్లు ఏ చప్పుడు విన్నా అపవాదే అనిపించేది. జూలైలో మెలాంక్తాన్‌కు రాసిన ఉత్తరంలో, వారం రోజులుగా తాను రాయడం లేదు, ప్రార్థన చేయడం లేదు, చదవడం లేదు అని ఒప్పుకున్నాడు. పత్మాసు ద్వీపంలోని యోహానుతో తన్ను పోల్చుకున్నాడు గాని, యోహానుకు కలిగిన దర్శనాలేవీ ఆ వేసవిలో తనకు కలగలేదు.

మనసు మళ్లించడానికి కోటవారు ఆయనను వేటకు కూడా తీసుకెళ్లారు. ఒక చిన్న కుందేలు పిల్లను కాపాడబోయి తన అంగీ చేతిలో చుట్టి పక్కన పెట్టాడట. వేటకుక్కలు వాసన పట్టి బట్టమీదుగానే కొరికి చంపేశాయి. ఆయన దాన్లో అపవాది ఆత్మలను వేటాడే తీరు చూశాడు. నాకైతే అందులో ఇంకొకటి కూడా కనిపిస్తుంది. తానే ఎవరి అంగీలోనో దాగిన కుందేలు పిల్లలా ఉన్న మనిషి కదా ఆయన.

సిరాబుడ్డిని అపవాది మీదికి విసిరాడన్న కథ మనం సండేస్కూల్లో విన్నదే. ఆ కథ ఆయన పోయాక తర్వాతి తరంలో పుట్టింది. ఆ గదిలో సిరా మాత్రం చాలానే ఖర్చయింది. ఖాళీగా ఉన్నానని బాధపడుతూనే మే నెల నుంచి ఆయన గ్రీకు, హెబ్రీ బైబిళ్లు చదువుతున్నాడు. సన్యాస ప్రమాణాల మీద పుస్తకం, మరియ కీర్తన మీద వ్యాఖ్యానం, క్రిస్మస్ దినాలకు పాస్టర్లు సంఘంలో చదివి వినిపించేందుకు జర్మను ప్రసంగాలు రాశాడు. వృథాగా పోతున్నాయని ఆయన అనుకున్న నెలలు వృథాగా పోలేదు. బదరీవృక్షం కింద పడుకున్న ఏలీయాకు దేవుడు ముందు పని చెప్పలేదు. నిద్ర, రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ నిద్ర ఇచ్చాడు. పని ఆ తర్వాత చెప్పాడు.

లూథర్‌కు ఆ పని డిసెంబరులో వచ్చింది. నెల మొదట్లో ఆయన గడ్డంతో, దొర వేషంలో, ఎవరికీ చెప్పకుండా విట్టెన్‌బర్గ్ వెళ్లి కొద్దిరోజులు స్నేహితుల మధ్య గడిపాడు. తాను పంపిన కొన్ని రాతప్రతులను ఫ్రెడరిక్ కార్యదర్శి స్పాలాటిన్ అచ్చుకు ఇవ్వకుండా తొక్కిపెట్టాడని తెలిసి మండిపడ్డాడు. అక్కడే మెలాంక్తాన్, ఇతర స్నేహితులు క్రొత్త నిబంధనను జర్మనులోకి తెమ్మని పట్టుబట్టారు. ఆయన కొండమీదికి తిరిగి వెళ్లి కూర్చున్నాడు.

ఆ కొండల్లో డిసెంబరు అంటే చలి, సాయంత్రం నాలుగు దాటగానే చీకటి. వచ్చిపోయేవారు లేరు. బల్లమీద ఎరాస్మస్ 1519లో వేయించిన గ్రీకు క్రొత్త నిబంధన. పదకొండు వారాల్లో 27 పుస్తకాలూ పూర్తిచేశాడు. 260 అధ్యాయాలు, అంటే సగటున రోజుకు మూడుకు పైగా. ఇప్పుడు బైబిలు అనువాదాలు బృందాలుగా కూర్చుని ఏళ్ల తరబడి చేస్తారు. జర్మను బైబిళ్లు అంతకుముందు లేవని కాదు. 1466లోనే స్ట్రాస్‌బర్గ్‌లో ఒకటి అచ్చయింది. అయితే అవి లాటిను నుంచి చేసినవి, లాటిను నడకలోనే నడిచాయి. లూథర్ మూలభాష నుంచి, ఇంట్లో అమ్మా సంతలో మనుషులూ మాట్లాడే మాటల్లోకి తెచ్చాడు. ఆ పట్టుదలకు ఒక పాయ మన దాకా కూడా వచ్చింది. 18వ శతాబ్దంలో మద్రాసులో కూర్చుని బైబిలును తెలుగులోకి తర్జుమా చేసిన బెంజమిన్ షుల్జ్ లూథరన్ మిషనరీయే. పాపం, ఆ తర్జుమా అచ్చుకు నోచుకోలేదు.

కొండమీద ఆ నిశ్శబ్దం ఎంతోకాలం నిలవలేదు. ఆయన రాసుకుంటున్న ఆ వారాల్లోనే విట్టెన్‌బర్గ్ సంఘం కల్లోలంలో పడింది. తోటి బోధకుడు కార్ల్‌స్టాట్ క్రిస్మస్ రోజున ఆరాధన పద్ధతిని ఒక్కసారిగా మార్చేశాడు. దేవుడు తమతో నేరుగా మాట్లాడుతున్నాడంటూ కొందరు ప్రవక్తలు ఊళ్లో దిగారు. బొమ్మలు పగలగొట్టారు. సంఘం బెంబేలెత్తి లూథర్‌ను రమ్మంది. కోట విడిచి రావద్దు, వస్తే నిన్ను కాపాడలేను అన్నాడు ఫ్రెడరిక్. లూథర్ వినలేదు. 1522 మార్చి 1న కొండ దిగాడు.

దారిలో యేనా ఊళ్లో ఒక సత్రంలో ఆగాడు. విట్టెన్‌బర్గ్‌లో చదువుకోవడానికి పోతున్న ఇద్దరు స్విస్ విద్యార్థులు తడిసి ముద్దై అక్కడికి చేరారు. కత్తి కట్టుకుని బల్ల దగ్గర కూర్చున్న ఒక దొర వారిని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. లూథర్ ఇప్పుడు విట్టెన్‌బర్గ్‌లో ఉన్నాడా అని వాళ్లు ఆయన్నే అడిగారు. దొర ముందున్న పుస్తకం హెబ్రీ కీర్తనల గ్రంథమని చూసి ఆశ్చర్యపోయారు. ఆయన ఎవరో వారికి తెలిసింది విట్టెన్‌బర్గ్ చేరాకే.

విట్టెన్‌బర్గ్‌లో ఆయన ఎనిమిది రోజులు వరుసగా ప్రసంగించాడు. ఎవరినీ తిట్టలేదు, బలహీన విశ్వాసులను ఓర్చుకోమన్నాడు. ఊరు సద్దుమణిగింది. తర్వాత మెలాంక్తాన్‌తో కూర్చుని తర్జుమాను మాట మాటా సరిచూశాడు. స్పాలాటిన్‌ను సాయం అడుగుతూ, కోటల్లో వాడే మాటలు వద్దు, మామూలు మాటలే కావాలని చెప్పాడు. ప్రకటన గ్రంథంలో క్రొత్త యెరూషలేము పునాదుల రత్నాలు ఏ రంగులో ఉంటాయో కళ్లతో చూసి రాయడానికి రాజుగారి ఖజానాలోని రాళ్లు పంపమన్నాడు.

పుస్తకం ఆ సెప్టెంబరులో, ప్రకటన గ్రంథానికి క్రానాఖ్ బొమ్మలతో, సుమారు 3,000 ప్రతులు అచ్చయింది. మూడు నెలలు తిరగకముందే, ఆయన చలిలో ఆ పనికి కూర్చున్న ఏడాదికి, డిసెంబరులో మళ్లీ అచ్చువేయాల్సి వచ్చింది. మొదటి ముద్రణ ముఖపత్రం మీద పుస్తకం పేరు, విట్టెన్‌బర్గ్ ఊరి పేరు ఉన్నాయి. తర్జుమా చేసినవాడి పేరు లేదు.