ఖాళీలో చేపను చూసినవాడు

ఎం.సి.ఎషర్ 1898లో నెదర్లాండ్స్‌లో పుట్టారు. స్కూల్లో లెక్కలు అంతంతమాత్రమే. చివరి పరీక్షా తప్పారు. ఆర్కిటెక్చర్‌లో చేరితే, ఆయన బొమ్మలు చూసిన గురువు మెస్కిటా గ్రాఫిక్ కళ వైపు మళ్లించారు. 1936లో భార్యతో కలిసి స్పెయిన్‌లోని అల్‌హంబ్రా కోటకెళ్లి, గోడల మీది పలకల డిజైన్లను రోజుల తరబడి ఓపిగ్గా గీసుకున్నారు. ఒకే గీత రెండు ఆకారాలకు హద్దు కావడం ఆయన్ని పట్టేసింది. 1938లో చెక్కిన ‘స్కై అండ్ వాటర్’లో పక్షుల మధ్య మిగిలిన ఖాళీలే కిందికొచ్చేసరికి చేపలైపోతాయి! 1954లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అంతర్జాతీయ గణిత సదస్సు జరిగినప్పుడు ఆయన బొమ్మల ప్రదర్శన పెట్టారు. లెక్కలు రాని కుర్రాడి గీతల్లో గణితవేత్తలు తమ సూత్రాల్ని చూసుకున్నారు. 1972లో కన్నుమూశారు. ఈసారి నోట్‌బుక్ అంచున ఏదైనా గీస్తే, చుట్టూ మిగిలిన ఖాళీనీ ఓసారి చూడండి.