రాతిపొరలను చదివిన విలియం కింగ్

సింగరేణి గనులలో పనిచేసినవారికి కింగ్ సీమ్ అనే మాట కొత్త కాదు. ఇల్లెందు ప్రాంతపు బొగ్గుపొరలలో ముఖ్యమైనదానికి ఆ పేరు స్థిరపడింది. క్వీన్ సీమ్ అనే మరొక పొర కూడా ఉండడం వల్ల, కింగ్ అంటే రాజు అనే అర్థంలోనే ఆ పేరు పెట్టి ఉంటారని చాలామంది భావిస్తారు. నిజానికి అది ఒక మనిషి పేరు. ఆయన విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త. ఇల్లెందు బొగ్గును గుర్తించిన ఆయనే కడప, కర్నూలు రాళ్ళ వరుసను తేల్చారు. గోదావరి తీరపు శిలాజాల పొరలను వర్గీకరించారు. 1886లో విశాఖపట్టణం జిల్లా భూగర్భ స్వరూపాన్ని వివరిస్తూ ఒక వ్యాసం ప్రకటించారు. నేటి కొరాపుట్, రాయగడ జిల్లాలు ఆనాడు జయపురం జమీందారీలో భాగంగా విశాఖపట్టణం జిల్లాలోనే ఉండేవి. కనుక ఆయన జీవితచరిత్ర మన సరిహద్దు ప్రాంతీయులకు కూడ సంబంధించినదే.

కింగ్ తండ్రి పేరు కూడ విలియం కింగే. ఆయన ఐర్లండులోని గాల్వే నగరపు క్వీన్స్ కళాశాలలో భూగర్భశాస్త్ర ఆచార్యులు. జర్మనీలో దొరికిన ఒక పురాతన కపాలాన్ని పరిశీలించి, అది మనవంటి మానవునిది కాదనీ, వేరొక మానవజాతికి చెందినదనీ 1863లో ప్రతిపాదించి, నియాండర్తల్ మానవునికి శాస్త్రీయ నామం పెట్టినవారు ఆ తండ్రియే. కుమారుడు 1857లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో చేరి, మద్రాసు రాజధానిలో పని ప్రారంభించారు.

తండ్రి ఆ ప్రతిపాదన చేసిన సంవత్సరమే కుమారునికీ ఒక గొప్ప అవకాశం లభించింది. 1863 సెప్టెంబరులో కింగ్, ఆయన సహోద్యోగి రాబర్ట్ బ్రూస్ ఫుట్ కలిసి మద్రాసు సమీపంలోని అత్తిరంపాక్కం వద్ద ఆదిమానవుల రాతి పనిముట్లను కనుగొన్నారు. ఆ స్థలంలోని అట్టడుగు పనిముట్లు సుమారు 15 లక్షల సంవత్సరాల నాటివని ఇటీవలి పరిశోధనలు తేల్చాయి. భారతదేశపు ప్రాచీన శిలాయుగ చరిత్రకు ఫుట్ పేరు ఎంతగా ముడిపడి ఉన్నా, ఆనాడు ఆయన వెంట నడిచినవారు కింగ్.

తరువాత ఆయన దృష్టి రాయలసీమపై నిలిచింది. కడప, కర్నూలు ప్రాంతాలలో సుమారు 20,000 అడుగుల మందం గల శిలాశ్రేణులు దొంతరలుగా పరచుకొని ఉన్నాయి. కింది పొర పాతది, పై పొర కొత్తది అన్నది భూగర్భశాస్త్రపు మొదటి పాఠం. కాని పొరలు వంగి, విరిగి, కొన్నిచోట్ల కోసుకుపోయి ఉన్నప్పుడు ఏది ఏ పొరకు పైదో తేల్చడం తేలిక కాదు. కింగ్ నదుల వెంట, కొండల వెంట నడిచి ఆ వరుసను తేల్చారు. పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణ అని కడప శ్రేణిని నాలుగు భాగాలు చేశారు. కర్నూలు శ్రేణికి బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యం, కుందేరు పేర్లు ఉంచారు. 1872లో ప్రకటితమైన ఆ గ్రంథంలోని పేర్లలో అనేకం నేటికీ శాస్త్రజ్ఞుల వాడుకలో ఉన్నాయి. మన ఇళ్ళలో పరచుకునే కడప బండలు వచ్చేది ఈ కర్నూలు శ్రేణి నుండియే.

గోదావరి ప్రాంతంలో కింగ్‌కు ఎదురైన సమస్య వేరు. అక్కడి పొరలలో శిలాజాలు ఉన్నాయి. శిలాజాలు ఉన్నచోట పొరల వరుసయే కాక, వాటి వయస్సు కూడ తెలుసుకొనే వీలున్నది. ఈ విద్యకు దారి చూపినవారిలో ఫ్రెంచి శాస్త్రవేత్త అల్సీద్ దోర్బిన్యీ ఒకరు. కింగ్ ఉద్యోగంలో చేరిన 1857లోనే ఆయన మరణించారు. సముద్రపు అడుగున ఏర్పడిన పొరలను ఆయన అమ్మోనైట్ శిలాజాల ఆధారంగా దశలుగా విభజించారు. అమ్మోనైట్లు చుట్టలు తిరిగిన గుల్ల గల సముద్రజీవులు. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం అంతరించిపోయాయి. నేపాల్‌లోని గండకీ నదిలో లభించి, మన పూజామందిరాలలో సాలగ్రామాలుగా అర్చింపబడుతున్న చక్రాంకిత శిలలు అమ్మోనైట్ శిలాజాలే. ఈ జీవులు అనేక సముద్రాలలో వ్యాపించాయి. వాటి జాతులు త్వరత్వరగా మారిపోయాయి. అందువల్ల ఒకే జాతి అమ్మోనైట్ రెండు దూరదేశాల రాళ్ళలో కనిపిస్తే, ఆ రెండు పొరలు ఒకే కాలానివని నిర్ణయించవచ్చు.

కింగ్ గోదావరి తీరప్రాంతపు పొరలకు కింది నుండి పైకి గొల్లపల్లి, రాఘవాపురం, తిరుపతి అనే పేర్లు పెట్టారు. గొల్లపల్లి నూజివీడు సమీపంలోనిది. తిరుపతి అంటే ఇక్కడ చిత్తూరు ప్రాంతపు తిరుపతి కాదు, ఏలూరుకు ఉత్తరాన ఉన్న చిన్న తిరుపతి, అనగా ద్వారకా తిరుమల. రాఘవాపురం పొరలలో చెట్ల ఆకుల ముద్రలూ, అమ్మోనైట్ల ముద్రలూ రెండూ లభించాయి. ఇక్కడే చిక్కు వచ్చింది. ఆకులను పరిశీలించినవారు ఆ పొరలు జురాసిక్ యుగం నాటివన్నారు. 20వ శతాబ్దంలో అమ్మోనైట్లను పరిశీలించినవారు అంతకంటె తరువాతిదైన క్రిటేషియస్ యుగపు తొలి దశకు చెందినవన్నారు. నేడు అమ్మోనైట్ల సాక్ష్యానికే ఎక్కువ విలువ. ఏది ఎట్లున్నా, ఏ శిలాజం ఏ పొరలోనిదో కింగ్ ముందుగా తేల్చిపెట్టి ఉండకపోతే ఆ చర్చకు ఆధారమే ఉండేది కాదు.

ఈ పొరల విద్య వల్లనే బొగ్గు కూడ బయటపడింది. గోండుల పేరుమీద గోండ్వానా అని పిలువబడే శ్రేణిలోని కొన్ని పొరలలోనే మన దేశపు బొగ్గు అత్యధిక భాగం ఉన్నది. ఆ పొరలు ఎక్కడెక్కడ ఉన్నవో తెలిసినవానికి బొగ్గు ఎక్కడ వెదకవలెనో, ఎక్కడ వెదకనక్కరలేదో కూడ తెలుస్తుంది. భద్రాచలం యాత్రికులు పొయ్యికి పెట్టిన రాయి అంటుకొని మండిందని ఇల్లెందు ప్రాంతంలో ఒక కథ చెప్పుకుంటారు. 1871లో కింగ్ అక్కడ బొగ్గు నిక్షేపాన్ని శాస్త్రీయంగా గుర్తించారు. 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీగా మారింది.

ఇక మన కొండల సంగతి. 1886 నాటి వ్యాసానికి విషయమైన విశాఖ, జయపురం ప్రాంతాలలో కింగ్‌కు తోడుగా శిలాజాలు లేవు. ఇక్కడి రాళ్ళు భూగర్భంలో అధికమైన వేడికీ ఒత్తిడికీ లోనై రూపం మారినవి. వాటిలో అమ్మోనైట్ లేదు, ఆకు ముద్ర లేదు. కడప, గోదావరి ప్రాంతాలలో ఫలించిన పొరల లెక్క ఇక్కడ సాగదు. ఈ కొండలు సుమారు 100 కోట్ల సంవత్సరాల క్రితం తీవ్రమైన మార్పులకు లోనయ్యాయని తెలియడానికి, ఖనిజాలలోని రేడియోధార్మికతను కొలిచే పద్ధతులు 20వ శతాబ్దంలో రావలసి వచ్చింది. కింగ్ తరువాత వచ్చిన టి.ఎల్. వాకర్ కలహండి కొండలలోని ప్రధాన శిలకు ఇక్కడి కోందు జాతి పేరు మీద ఖోండలైట్ అని 1902లో పేరు పెట్టారు. ఆ శిల వానకూ ఎండకూ శిథిలమై మారగా ఏర్పడినదే పంచపట్మాలి, బఫ్లిమాలి, నియమగిరి కొండల మీది బాక్సైట్. నియమగిరి తవ్వకాన్ని 2013లో 12 గ్రామసభలు తిరస్కరించినప్పుడు వివాదానికి మూలమైన పదార్థం అదే.

బొర్రా గుహల విషయంలోనూ కింగ్ పేరు వినిపిస్తుంది. భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ జార్జి 1807లో ఆ గుహలను కనుగొన్నారని చెబుతూ ఉంటారు. కాని ఆ సంస్థ ఏర్పడినదే 1851లో. కనుక ఆ సంవత్సరం సరియైనది కాజాలదు. మన కింగ్ పేరే ఏదో విధంగా ఆ కథలో కలిసిపోయి ఉండవచ్చు. స్థానికులకు మాత్రం ఆ గుహలు ఎవరూ కనుగొనకముందే తెలుసు.

1887లో కింగ్ భూగర్భ సర్వేక్షణ సంస్థకు డైరెక్టర్ అయ్యారు. 1894లో పదవీ విరమణ చేసి, 1900లో మరణించారు. ఆయన జీవితకాలంలో ఈ ప్రాంతాలన్నీ మద్రాసు రాజధానిలోనో, నిజాం రాజ్యంలోనో ఉండేవి. 1936లో కొరాపుట్ ఒడిశాలో చేరింది; 1992లో రాయగడ వేరు జిల్లా అయింది. సరిహద్దులు ఎన్నిమార్లు మారినా కొండలలోని రాయి మాత్రం ఇరువైపులా ఒక్కటే. సాలూరు నుండి సుంకి కనుమ మీదుగా పొట్టంగి, కొరాపుట్ వెళ్ళేవారు రోడ్డు పక్కన కోసిన కొండను ఒకసారి పరికించి చూస్తే, ఎర్రని మచ్చల గోమేధికపు గింజలతో గోధుమరంగు రాయి కనిపిస్తుంది. అదే ఖోండలైట్. అందులో అమ్మోనైట్ కోసం వెదకనక్కరలేదు. కాని ఆ రాయి ఏమిటో, దానిపై ఉన్న మట్టిలో ఏమున్నదో ఆ కొండలమీద బ్రతికేవారే ముందుగా తెలుసుకొని ఉండడం మంచిది.