మన కనకయ్య నాయుడుగారు

విద్యార్థి సంఘం కార్యదర్శి వచ్చి సావనీరుకు ఒక వ్యాసం ఇవ్వమన్నప్పుడు, నా సబ్జెక్టులోంచి నాలుగు పేజీలు రాసిచ్చి తప్పించుకుందామనే అనుకున్నాను. ఈలోగా వేసవి సెలవులకు మా టేకులపల్లి వెళ్ళాను. అక్కడ ఇల్లెందు రోడ్డు మీది టీకొట్టు బల్ల దగ్గర ఐపీఎల్ గురించి పెద్ద తగాదా నడిచింది. ఆ తగాదాయే నా చేత ఈ వ్యాసం రాయిస్తున్నది.

ఒక పక్క సింగరేణిలో పనిచేసి రిటైరైన మా పెదనాన్న. రేడియోలో కామెంటరీ వింటూ పెరిగిన తరం ఆయనది. ఇప్పుడాడేది క్రికెట్టే కాదనీ, సంతలో ఎడ్లను కొన్నట్టు మనుషుల్ని వేలంపాటలో కొనడమేమిటనీ ఆయన వాదం. 2023లో వచ్చిన ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన పేరు చెబితే ఆయనకు ఒళ్ళుమంట; పదకొండు మంది ఆటలో పన్నెండోవాడు బాటు పట్టుకుని దిగడమేమిటంటారు. అంతర్జాతీయ మాచ్‌లలో ఓవరుకూ ఓవరుకూ మధ్య అరవై సెకన్లే గడువని గడియారం పెట్టడం ఇంకో నేరం. (అమెరికాలో బేస్‌బాల్ అభిమానులదీ ఇదే గొడవ. 2023 నుంచి అక్కడ బంతి విసిరేవాడికి గడియారం పెట్టారు. మాచ్ సగటున 24 నిమిషాలు తగ్గింది. పాతకాలపు వాళ్ళు ఇంకా గొణుగుతూనే ఉన్నారు. పెదనాన్నకు సముద్రాల అవతల కూడా తోడున్నారన్నమాట.)

ఇంకో పక్క మా అన్నయ్య కొడుకు. నిన్నగాక మొన్న ఇంటర్ పాసైనవాడు. 2024 ఏప్రిల్‌లో బెంగళూరు మీద సన్‌రైజర్స్ కొట్టిన 287 పరుగులు, అందులోని 22 సిక్సర్లు వాడికి ఎక్కాల్లా వచ్చు. 2025లో పద్నాలుగేళ్ళ బీహార్ కుర్రాడు వైభవ్ సూర్యవంశీ 35 బంతుల్లో సెంచరీ చేస్తే, డబ్బున్న ఆట కాబట్టే సమస్తిపూర్ పిల్లగాడు జైపూర్ దాకా వచ్చాడని వాడి వాదం.

ఇది ఊసుపోక చేసిన వాదన అయితే నేను టీ తాగి లేచిపోయేవాణ్ణే. మావాడు ఎడమచేతి బౌలరు. ఇంజనీరింగులో చేరడం ఏడాది ఆపి, హైదరాబాదులో ఉండి ఆట నేర్చుకుంటానని ఇంట్లో పట్టు పట్టాడు. వాణ్ణి మందలించడానికే అన్నయ్య నన్ను ప్రత్యేకంగా రమ్మన్నాడు. నేనూ ఆ ఉద్దేశంతోనే వెళ్ళాను.

వాదన మధ్యలో పెదనాన్న సి.కె. నాయుడు పేరు ఎత్తారు. డబ్బు మొహం చూడకుండా దేశం కోసం ఆడిన మహానుభావుడని ఆయన తీర్పు. మావాడికి ఆ పేరు 23 ఏళ్ళ లోపు వారికి జరిగే ట్రోఫీగా మాత్రమే తెలుసు. ఆయన తెలుగువాడని కూడా తెలియదు. ఇద్దరికీ సగం సగం తెలుసునని నాకనిపించింది. ఆ రాత్రి మా ఇంటి అరుగు మీద కూచుని వాళ్ళకు చెప్పినదే, కాస్త సరిచేసి, ఇక్కడ పాఠకులకు చెబుతున్నాను.

కొట్టారి కనకయ్య నాయుడు 1895 అక్టోబర్ 31న నాగపూర్‌లో, అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబంలో జన్మించారు. కలిగిన ఇల్లు, చదువుకున్న ఇల్లు. తండ్రి సూర్యప్రకాశరావుగారు ఇంగ్లండులో చదివివచ్చిన న్యాయవాది. స్కూలు టీము నుంచే కనకయ్యగారి ఆట మొదలైంది. మనిషి ఆరడుగులు, నిటారైన నడక, తక్కువ మాట.

1916లో బొంబాయిలో హిందూ జట్టు తరఫున యూరోపియన్ల మీద మొదటి పెద్ద మాచ్ ఆడారు. అప్పట్లో బొంబాయి పోటీలు మతాలవారీగా జరిగేవి: హిందువులొక జట్టు, పార్సీలొక జట్టు, ముస్లింలొక జట్టు, తెల్లవారొక జట్టు. ఆ పద్ధతి 1946లో గాని ఆగలేదు. పాతకాలం ఆట అంతా పవిత్రమని చెప్పేవారు ఈ సంగతి గుర్తుంచుకుంటే బాగుండును. ఏడు వికెట్లు పడ్డాక బాటింగుకు వచ్చిన ఆ కుర్రవాడు ఆ మాచ్‌లో కొట్టిన మొదటి దెబ్బే సిక్సర్.

1923లో ఇందూరు మహారాజు తుకోజీరావు హోల్కర్ ఆయన్ను తన సంస్థానానికి రప్పించి సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చారు. తరువాత కర్నల్ అయ్యారు. ఆ బిరుదు ఆయన పేరుకు అతుక్కుపోయింది. జీతం సైన్యానిదే గాని పిలిచింది మాత్రం ఆట కోసం. ఇక్కడ పెదనాన్న కాస్త కదిలారు. ఆటను నమ్ముకుని బతికినవాణ్ణి ఆ రోజుల్లో సిపాయి పద్దులో రాశారు, ఈ రోజుల్లో ఆటగాడి పద్దులోనే రాస్తున్నారు అని నేనన్నాను.

ఇక 1926 డిసెంబర్ 1. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వాన ఎం.సి.సి. జట్టు ఇంగ్లండు నుంచి వచ్చి దేశమంతా తిరిగి ఆడుతున్నది. బొంబాయి జింఖానా మైదానంలో హిందూ జట్టుతో మాచ్. ఇంగ్లండు ఆటగాడు గై ఎర్ల్ ముందే 8 సిక్సర్లతో 130 పరుగులు దంచి కూచున్నాడు. మనవాళ్ళు దీనికి జవాబు చెబుతారని అనుకున్నవారు తక్కువ. నాయుడుగారు దిగి రెండు గంటల లోపే 153 పరుగులు చేశారు. 13 ఫోర్లు, 11 సిక్సర్లు. బంతి గుడారాల మీద, పైకప్పుల మీద పడుతుంటే ఊళ్ళో పనులు మానుకుని జనం మైదానానికి పరిగెత్తారనీ, చోటు దొరకనివారు చుట్టుపక్కల చెట్లూ మేడలూ ఎక్కారనీ చెప్పుకుంటారు. ఆ ఆటకు మెచ్చి ఎం.సి.సి. ఆయనకు వెండి బాటు బహూకరించింది. ఆ పర్యటన చూశాకనే గిల్లిగన్ ఇక్కడివారికి సొంత బోర్డు పెట్టుకోమని సలహా చెప్పాడు. 1928లో మన క్రికెట్ బోర్డు ఏర్పడింది.

మావాడు అప్పుడే వేళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. సూర్యవంశీ జైపూర్‌లో కొట్టిన సిక్సర్లు కూడా సరిగ్గా పదకొండే. కాబట్టి సిక్సర్లు ఐపీఎల్ తెచ్చిన జబ్బు అనే మాటను పెదనాన్న వెనక్కి తీసుకోవలసి వచ్చింది. సగమే తీసుకున్నారు లెండి. బౌండరీలు దగ్గరికి జరిపారు, బాట్లు లావైనాయి అన్నారు. అదీ నిజమే.

1932లో భారతదేశం మొదటి టెస్ట్ మాచ్ ఆడడానికి ఇంగ్లండు వెళ్ళింది. ఆ రోజుల్లో కెప్టెన్ కావాలంటే ముందు రాజై ఉండాలి. పోర్‌బందర్ మహారాజు కెప్టెన్, లింబ్డి రాజకుమారుడు ఉపనాయకుడు. ఇంగ్లండులో పోర్‌బందర్ వారు చేసిన పరుగుల కన్నా వారి రోల్స్ రాయిస్ కార్లే ఎక్కువని అప్పట్లో ఒక చమత్కారం. అయితే తమ ఆట ఎంతో తమకు తెలిసి, టెస్టుకు పక్కకు తప్పుకున్న పెద్దమనిషితనం మాత్రం ఆయనకు ఉంది. జూన్ 25న లార్డ్స్ మైదానంలో దేశానికి మొదటి టెస్ట్ కెప్టెన్‌గా దిగింది మన కనకయ్య నాయుడుగారు. ఫీల్డింగులో చేతికి దెబ్బ తగిలినా మొదటి ఇన్నింగ్స్‌లో ఆయన చేసిన 40 పరుగులే జట్టులో ఎక్కువ. 158 పరుగుల తేడాతో ఓడిపోయాం. ఆ పర్యటనలో ఫస్ట్‌క్లాస్ మాచ్‌లలో ఆయన 1,618 పరుగులు చేసి 65 వికెట్లు తీశారు. 1933లో విజ్డెన్ వారి ఐదుగురు మేటి ఆటగాళ్ళ జాబితాలో ఆయన పేరు వచ్చింది. 1933-34లో జార్డిన్ జట్టు మన దేశం వచ్చినప్పుడు మూడు టెస్టులకూ ఆయనే నాయకుడు. బొంబాయిలో లాలా అమర్‌నాథ్ మన దేశానికి తొలి టెస్ట్ సెంచరీ చేస్తున్నప్పుడు రెండో కొసన నిలబడి 67 పరుగులు చేసినవాడు కూడా ఆయనే.

తరువాత 1936. ఇంగ్లండు వెళ్ళే జట్టుకు కెప్టెన్ ఎవరనే ప్రశ్న వచ్చింది. ఆట చూస్తే నాయుడుగారు. ధనం, పలుకుబడి చూస్తే విజయనగరం మహారాజకుమార్, అందరూ విజ్జీ అని పిలిచే విజయానంద గజపతిరాజుగారు. ఇద్దరూ తెలుగువారే కావడం మన అదృష్టమో దురదృష్టమో తెలియదు. విజ్జీగారే కెప్టెన్ అయ్యారు. మూడు టెస్టుల్లో ఆయన చేసినవి 33 పరుగులు. జట్టు రెండు ముఠాలైంది. లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టుకు ముందే ఇంటికి పంపేశారు. బ్రేక్‌ఫాస్టు బల్ల దగ్గర నాయుడుగారిని అవమానించినందుకే ఒకాయనకు చివరి టెస్టులో స్థానం దక్కిందనే కథ ఇప్పటికీ వినబడుతుంది. ఆ చివరి టెస్టు, ఓవల్ మైదానంలో, నలభై దాటిన నాయుడుగారు గబ్బీ అలెన్ బంతి ఒంటికి బలంగా తగిలినా క్రీజు వదలకుండా 81 పరుగులు చేశారు. ఆయన అత్యధిక టెస్ట్ స్కోరు అదే, ఆయన ఆఖరి టెస్టూ అదే. మొత్తం ఏడే టెస్టులు, 350 పరుగులు.

వేలంపాటలో కనీసం ధర పలికేది ఆటకే కదా అని మావాడు మెల్లగా అన్నాడు. నేను కాదనలేకపోయాను. రాజుగారి దయ మీద ఆడిన కాలానికీ, వేలంలో కొనే కాలానికీ నన్నెంచుకోమంటే, ఎన్ని లోపాలున్నా రెండోదాన్నే ఎంచుకుంటాను. టేకులపల్లి పిల్లవాడికి ఏ మహారాజు తెలుసు గనుక?

హోల్కర్ జట్టు సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే. 1941 నుంచి 1955 వరకు ఆ జట్టు పదిసార్లు రంజీ ఫైనల్ చేరి నాలుగుసార్లు గెలిచింది. ఆ కాలంలో ఎక్కువ భాగం నాయకుడు ఆయనే. జట్టులో గట్టి క్రమశిక్షణ ఉండేది; నొప్పి అనే మాట ఆయనకు గిట్టదు. 1945లో బొంబాయితో జరిగిన ఫైనల్‌లో తమ్ముడు సి.ఎస్. నాయుడు చేత ఒక్క మాచ్‌లో 917 బంతులు వేయించారు. టి20లో బౌలరుకు దక్కేది 24 బంతులు! ఈ లెక్క విని మా బౌలరు నోరు తెరిచాడు. 1945-46లో మైసూరు మీద హోల్కర్ 8 వికెట్లకు 912 చేసినప్పుడు ఆరుగురు సెంచరీలు కొట్టారు; వారిలో యాభై నిండిన నాయుడుగారు ఒకరు. 56 ఏళ్ళప్పుడు ఫడ్కర్ బంతి మూతికి తగిలి రెండు పళ్ళు ఊడితే, వాటిని పిచ్ మీంచి పక్కకు తోసి ఆట సాగించారని చెబుతారు.

డబ్బు మొహం చూడలేదన్న మాటకు కూడా సవరణ ఉంది. 1941లోనే బాత్‌గేట్ కంపెనీ లివర్ టానిక్ ప్రకటనకు ఆయన తన పేరు ఇచ్చారు. ప్రకటనల్లో కనిపించిన తొలి భారత క్రికెటర్ ఆయనే. ఇది విని పెదనాన్న చాలాసేపు మాట్లాడలేదు. అందులో తప్పేముందో నాకైతే కనబడదు.

1953-54లో ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీలో దిగినప్పుడు, 58 ఏళ్ళ వయసులో వచ్చి నాయకత్వం వహించారు. 1956లో పద్మభూషణ్ ఇచ్చారు. క్రికెటర్లలో అది అందుకున్న మొదటివాడు ఆయనే. 1956-57లో ఉత్తరప్రదేశ్‌కు ఆడుతూ తన చివరి రంజీ ఇన్నింగ్స్‌లో 52 పరుగులు చేసేనాటికి ఆయనకు 61. ఆఖరి ఫస్ట్‌క్లాస్ మాచ్ 1963-64లో, అరవై ఎనిమిదో ఏట. 1967 నవంబర్ 14న ఇందూరులో కన్నుమూశారు.

అంతా విన్నాక అన్నయ్య ఒకే ప్రశ్న వేశాడు. ఆయన వెనక కలిగిన తండ్రీ, మహారాజూ ఉన్నారు. మనవాడి వెనక ఎవరున్నారని. నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. మన పక్కనే భద్రాచలంలో పుట్టిన గొంగడి త్రిష పేరు చెప్పాను. 2025 అండర్-19 మహిళల ప్రపంచకప్‌లో 309 పరుగులు, 7 వికెట్లతో టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి అయింది. కాని ఆ అమ్మాయి ఆట కోసం చిన్నప్పుడే ఆ కుటుంబం భద్రాచలం వదిలి జంటనగరాలకు తరలిపోయింది. అడవి అంచున ఉన్నవాడికి ఆట ఇంకా దూరంగానే ఉంది. అప్పుడు ఇందూరు, ఇప్పుడు ఉప్పల్. ఆ మాట కూడా దాచకుండా చెప్పాను.

మందలించమని పిలిస్తే నువ్వు వాడి తరఫున వకాల్తా పుచ్చుకున్నావని అన్నయ్య కోప్పడ్డాడు. పొద్దున్నే లేచి చూద్దును గదా, పెదనాన్న మా స్కూలు గ్రౌండులో కుర్చీ వేయించుకుని కూచున్నారు. మావాడు ఒక్కటే వికెట్ పాతి బౌలింగ్ వేస్తున్నాడు. ఆయన బంతులు లెక్కపెడుతున్నారు. నేను వెళ్ళేసరికి నూట పదహారు అయినాయి.