ఆట బొమ్మ నుండి ఆకాశం దాకా – ఆర్విల్ రైట్ జీవిత చరిత్ర



మన కీసర మీదుగా గన్నవరం వైపు విమానం పోతుంటే మనం అన్నం పళ్ళాలు చేతిలో పట్టుకొనే పైకి చూస్తాము. చిన్న తరగతుల వాళ్ళైతే టాటా కూడా చెబుతారు. ఇంజనుతో నడిచే విమానంలో మొట్టమొదట ఎగిరిన మనిషి పేరు ఆర్విల్ రైట్. రైట్ సోదరులు విమానం కనిపెట్టారు అని జి.కె. లో మనం ఒక్క లైను బట్టీ పట్టాము. ఆ ఒక్క లైను వెనకాల ఎంత కథ ఉందో నాకు ఈ మధ్యనే తెలిసింది. మేము చేసిన బొమ్మ విమానం పడిపోబట్టి తెలిసింది. ఆ సంగతి చివర్లో రాస్తాను. ముందు ఆయన చరిత్ర చదవండి.

పుట్టుక, తల్లిదండ్రులు

ఆర్విల్ రైట్ 1871 ఆగస్టు 19 న అమెరికా దేశంలోని ఒహాయో రాష్ట్రం, డేటన్ పట్టణంలో జన్మించాడు. ఇక్కడ ఒక వింత ఉంది. సరిగ్గా ముందు రోజు, అంటే ఆగస్టు 18 న, ఫ్రాన్సు దేశంలోని పారిస్ నగరంలో ఆల్ఫోన్స్ పెనో అనే యువకుడు ఒక తోటలో అందరి ముందు ఒక బొమ్మ విమానం ఎగరేశాడు. అది దాదాపు అడుగున్నర పొడవు, 16 గ్రాముల బరువు. మెలి తిప్పిన రబ్బరు దాని ఇంజను. 11 సెకన్లు గాలిలో తిరిగింది. పెనోకు తుంటి జబ్బు ఉండేది. అందువల్ల నౌకాదళంలో చేరలేకపోయాడు. 1880 లో 30 ఏళ్ళకే చనిపోయాడు. ఆయన చేసిన బొమ్మల వల్ల ఏం జరిగిందో ఆయన చూడనేలేదు.

ఆర్విల్ తండ్రి మిల్టన్ రైట్ చర్చి బిషప్పు. ఊరూరా తిరిగేవాడు. తల్లి సుసాన్. ఆమె తండ్రి గుర్రపు బండ్లు తయారు చేసేవాడు. ఆయన దగ్గర ఉండి ఆమె పనిముట్లు పట్టడం నేర్చుకుంది. పిల్లలకు బొమ్మలు తనే చేసేది, విరిగితే తనే బాగు చేసేది. పిల్లలు ఏదైనా చేస్తూ సందేహం వస్తే అమ్మనే అడిగేవాళ్ళు. ఆర్విల్ కన్నా నాలుగేళ్ళు పెద్ద అన్న విల్బర్. చెల్లెలు కేథరిన్.

గబ్బిలం బొమ్మ

1878 లో ఒకరోజు తండ్రి ఊరి నుండి వస్తూ చేతిలో ఏదో దాచుకొని వచ్చాడు. పిల్లలు దగ్గరకు రాగానే గాలిలోకి వదిలాడు. అది కింద పడకుండా ఇంటి కప్పు దాకా పోయి, అక్కడ కొట్టుకొని, తర్వాత మెల్లగా దిగింది. కార్కు, వెదురు, కాగితం, రబ్బరు బ్యాండు, అంతే అందులో ఉన్నవి. పైన తిరిగే రెక్కలు. అది పెనో పద్ధతిలో చేసిన బొమ్మ హెలికాప్టరు. పిల్లలు దానికి గబ్బిలం అని పేరు పెట్టారు. అప్పుడు ఆర్విల్‌కి 7 ఏళ్ళు, విల్బర్‌కి 11 ఏళ్ళు.

కాగితం బొమ్మ ఎన్నాళ్ళు ఉంటుంది? విరిగిపోయింది. మనమైతే ఏడ్చి ఊరుకుంటాము. వాళ్ళు దాన్ని చూసి ఇంకొకటి చేశారు, దాని తర్వాత మరొకటి. ఆర్విల్ బళ్ళో కూడా బెంచీ మీద పుల్లలు పెట్టుకొని చేస్తుంటే టీచరమ్మ పట్టుకొని ఏమిటది అని అడిగింది. ఎగిరే యంత్రం చేస్తున్నాను, ఇలాంటిదే పెద్దది చేస్తే మా అన్నా నేనూ ఎగరవచ్చు అని చెప్పాడంట.

తర్వాత ఇంకా పెద్దవి చేయాలనుకున్నారు. చిన్నవి బాగానే ఎగిరాయి. పెద్దవి చేసేకొద్దీ ఎగరడం తగ్గింది. ఎందుకో వాళ్ళకు అర్థం కాలేదు. చివరకు అది వదిలేసి గాలిపటాల మీద పడ్డారు. ఆర్విల్ గాలిపటాలు చేయడంలో ఎంత గట్టివాడంటే తోటి పిల్లలకు చేసి అమ్మేవాడు.

చదువు, పని

1889 లో తల్లి క్షయ వ్యాధితో చనిపోయింది. ఆర్విల్ హైస్కూలు పూర్తి చేయకుండానే ప్రింటింగ్ పని మొదలుపెట్టాడు. అచ్చు మిషను కూడా పాత సామాన్లతో తనే చేసుకున్నాడు. అన్నతో కలిసి చిన్న వార్తాపత్రిక వేశాడు. 1892 లో ఇద్దరూ సైకిల్ షాపు పెట్టారు. ముందు రిపేర్లు చేసి, తర్వాత సొంతంగా సైకిళ్ళు తయారు చేశారు.

ఇది చదివి బడి మానేస్తే గొప్పవాళ్ళం అవుతామని ఎవరూ అనుకోవద్దు. అన్నదమ్ములకు హైస్కూలు సర్టిఫికెట్ లేదు గానీ వాళ్ళింట్లో బోలెడు పుస్తకాలు ఉండేవి. చదవడం ఏనాడూ మానలేదు. ఆ ముగ్గురిలో కాలేజీ డిగ్రీ తీసుకున్నది చెల్లెలు కేథరిన్ ఒక్కతే. ఆమె హైస్కూల్లో లాటిన్ భాష చెప్పే టీచరు.

మళ్ళీ ఎగరాలనే ఆలోచన

1896 లో జర్మనీలో ఒట్టో లిలియంథాల్ అనే ఆయన ఇంజను లేని గ్లైడరు మీద ఎగురుతూ పడి చనిపోయాడు. అదే సంవత్సరం ఆర్విల్‌కి టైఫాయిడ్ వచ్చి చావు దాకా పోయి బతికాడు. లిలియంథాల్ కథతో అన్నదమ్ములకు చిన్నప్పటి కోరిక మళ్ళీ లేచింది. 1899 లో దొరికిన పుస్తకాలన్నీ తెప్పించుకొని చదివారు. పక్షులు రెక్క చివరలు మెలి తిప్పి పక్కకు ఒరగడం గమనించారు. ముందు 5 అడుగుల గాలిపటం చేసి తాళ్ళతో దాని రెక్కలు మెలి తిప్పి చూశారు.

తర్వాత గాలి బాగా వీచే కిట్టీ హాక్ అనే సముద్రపు ఒడ్డుకు పోయి 1900 లో ఒక గ్లైడరు, 1901 లో ఇంకా పెద్దది ఎగరేశారు. పెద్దది వాళ్ళు లెక్క వేసినంత లేవలేదు. చిన్నప్పటి గబ్బిలం కథే మళ్ళీ వచ్చింది! తిరిగి వస్తుంటే విల్బర్‌కి మన జీవితకాలంలో ఇది జరగదేమో అని దిగులు వేసింది.

చిన్నప్పుడైతే వదిలేశారు. ఈసారి వదల్లేదు. తప్పు ఎక్కడ ఉందో చూద్దామని మళ్ళీ చిన్న బొమ్మల దగ్గరకు వచ్చారు. 6 అడుగుల చెక్క పెట్టె చేసి, ఒక వైపు ఫ్యాను పెట్టి, లోపల చిన్న చిన్న రెక్కలు నిలబెట్టి గాలి కొట్టించారు. కొలిచే త్రాసును పాత హాక్సా బ్లేడులతో, సైకిల్ పుల్లలతో చేసుకున్నారు. దాదాపు 200 రకాల రెక్కలు పరీక్షించారు. అప్పుడు తెలిసింది, అంతకుముందు పెద్దవాళ్ళు రాసిన లెక్కలను నమ్ముకుంటే సరిపోదని. తమ లెక్కలతో 1902 లో చేసిన గ్లైడరు చక్కగా ఎగిరింది.

12 సెకన్లు

తర్వాత ఇంజను కావాలి. సరిపడేది ఎక్కడా దొరకలేదు. వాళ్ళ షాపులో పనిచేసే చార్లీ టేలర్ ఆరు వారాల్లో 12 గుర్రాల శక్తి గల ఇంజను చేసి ఇచ్చాడు. స్ప్రూస్ చెక్కతో 40 అడుగుల రెక్కలు చేసి, ఆడవాళ్ళ బట్టలు కుట్టే తెల్లని నూలు గుడ్డను కుట్టు మిషను మీద కుట్టి తొడిగారు.

1903 డిసెంబర్ 14 న ముందు ఎవరు ఎక్కాలని బొమ్మా బొరుసూ వేశారు. విల్బర్ గెలిచాడు. కానీ విమానం లేచి వెంటనే పడిపోయింది. రెండు రోజులు బాగు చేశారు. డిసెంబర్ 17 ఉదయం ఆర్విల్ వంతు వచ్చింది. నీళ్ళ గుంటలు గడ్డ కట్టేంత చలి, ఎదురు గాలి. ఆర్విల్ కింది రెక్క మీద బోర్లా పడుకున్నాడు. విల్బర్ పక్కనే పరుగెత్తాడు. విమానం లేచింది! 12 సెకన్లు, 120 అడుగులు. మన ప్రార్థనలో మౌనం పాటించేంత సేపు కూడా కాదు. చూసినవాళ్ళు ఐదుగురే. ఆ రోజు నాలుగోసారి విల్బర్ 59 సెకన్లు, 852 అడుగులు పోయాడు. తర్వాత పెద్ద గాలి వచ్చి విమానాన్ని పల్టీ కొట్టించి విరగ్గొట్టింది. అది మళ్ళీ ఎగరలేదు.

కష్టాలు

1908 సెప్టెంబర్ 17 న ఆర్విల్ సైన్యం వాళ్ళ ముందు ఎగురుతుండగా ప్రొపెల్లర్ పగిలి విమానం కూలింది. పక్కన కూర్చున్న లెఫ్టినెంట్ సెల్ఫ్రిడ్జ్ చనిపోయాడు. ఇంజను విమాన ప్రమాదంలో పోయిన మొదటి ప్రాణం అదే. ఆర్విల్ తొడ ఎముక, పక్కటెముకలు విరిగాయి. కేథరిన్ బడికి సెలవు పెట్టి రైలెక్కి పోయి, వారాల తరబడి ఆసుపత్రిలో అన్న పక్కనే ఉంది. మరుసటి సంవత్సరం ఆర్విల్ అదే చోటికి తిరిగి వచ్చి మళ్ళీ ఎగిరి చూపించాడు. 1910 లో 81 ఏళ్ళ తండ్రిని కూడా ఎక్కించుకున్నాడు. ముసలాయన భయపడకుండా ఇంకా పైకి పోనిమ్మన్నాడంట.

1912 మే 30 న విల్బర్ టైఫాయిడ్‌తో చనిపోయాడు. 45 ఏళ్ళే. చిన్నప్పటి నుండి ఇద్దరూ కలిసే ఆలోచించారు, కలిసే పోట్లాడుకున్నారు. ఆర్విల్ 1915 లో కంపెనీ అమ్మేశాడు. పెళ్ళి చేసుకోలేదు. 1926 లో కేథరిన్ పెళ్ళి చేసుకుంటే అలిగి మాట్లాడడం మానేశాడు. 1929 లో ఆమె చావు బతుకుల్లో ఉన్నప్పుడు మాత్రమే పోయాడు. ఇది నాకు నచ్చలేదు. తనకోసం అంత చేసిన చెల్లెలు కదా. గొప్పవాళ్ళు కూడా తప్పులు చేస్తారని రాస్తున్నాను.

ఆర్విల్ 1948 జనవరి 30 న 76 ఏళ్ళ వయసులో గుండెపోటుతో చనిపోయాడు. మన గాంధీ తాతను కాల్చి చంపింది కూడా అదే రోజు. అందుకని ఆ తేదీ మనం మర్చిపోము.

ఆ గుడ్డ ముక్క

1969 లో చంద్రుడి మీదికి పోయినవాళ్ళు 1903 నాటి విమానం గుడ్డ ముక్క, చెక్క ముక్క వెంట తీసుకుపోయారు. 2021 ఏప్రిల్ 19 న అంగారక గ్రహం మీద ఇంజెన్యుటీ అనే చిన్న హెలికాప్టరు ఎగిరింది. బరువు 1.8 కిలోలు. దానికి కూడా అదే విమానం గుడ్డ ముక్క కట్టి పంపారు. తండ్రి తెచ్చిన గబ్బిలం కూడా హెలికాప్టరే కదా!

మా విమానం సంగతి

బొమ్మ విమానాలను బాల్సా చెక్కతో చేసి, పలుచని టిష్యూ కాగితం అంటిస్తారు. బాల్సా చెట్టు దక్షిణ అమెరికాది. చాలా తేలిక. ఇక్కడ మనకెక్కడ దొరుకుతుంది? మా తరగతిలో నలుగురం కలిసి జీలుగు బెండు, వెదురు పుల్లలు, గాలిపటాల కాగితం, మైదా జిగురుతో చేశాము. రెక్క మూరెడు. మొదట ముక్కు పైకెత్తి తోక మీద పడింది. ముక్కుకి కాస్త బంకమట్టి అంటిస్తే వరండా నుండి కుళాయి దాకా పోయింది. మేము ఎగిరి గంతులేశాము.

వెంటనే రెండు మూరల రెక్కతో పెద్దది చేశాము. అన్నీ రెట్టింపు పెట్టాము. చేతిలోంచి వదలగానే రాయిలా పడి విరిగింది. అందరూ నవ్వారు. మాకు చేతకాదులే, ఇది మన వల్ల అయ్యే పని కాదు అని నేను ముక్కలు పెట్టెలో పడేశాను. రెండు రోజులు ఎవరితో మాట్లాడలేదు.

తర్వాత లైబ్రరీ బీరువాలో ఈ చరిత్ర చదివాను. వాళ్ళ పెద్ద గబ్బిలాలు కూడా పడ్డాయి! కారణం మన లెక్కల్లోనే ఉంది. పొడవు, వెడల్పు, మందం మూడూ రెట్టింపు చేస్తే 2×2×2, అంటే బరువు 8 రెట్లు. రెక్క వైశాల్యం మాత్రం 2×2, అంటే 4 రెట్లే. మోసే రెక్క నాలుగింతలు, మోయాల్సిన బరువు ఎనిమిదింతలు. పడకేం చేస్తుంది? మాకు చేతకాక కాదు.

నన్ను చూడడానికి ఆదివారం మా నాన్న వచ్చినప్పుడు విరిగిన ముక్కలు చూపించాను. నాన్న బుట్టలు అల్లుతాడు. చదువుకోలేదు. పుల్ల చేతిలో పట్టుకొని, ఇంత లావు ఎందుకమ్మా అని, కత్తితో చీపురు పుల్ల కన్నా సన్నగా చీల్చి ఇచ్చాడు. వంచితే విరగలేదు. ఆర్విల్ వాళ్ళమ్మ గుర్తొచ్చింది. మా ఇంట్లో పుస్తకాలు లేవు గానీ ఈ విద్య ఉంది.

ఆ పుల్లలతో పెద్దది మళ్ళీ చేశాము. వేపచెట్టు దాకా పోయింది. గేటు దాకా ఇంకా పోలేదు. కాగితం చిరిగిన చోట అంటిస్తున్నాము. నేర్చుకోవాలనుకునేవాళ్ళు ఆదివారం సాయంత్రం వరండాలోకి రండి. చిన్న తరగతుల వాళ్ళు కూడా రావచ్చు. పడినా ఎవరూ నవ్వకూడదు, ఎందుకు పడిందో చెప్పాలి. అదొక్కటే షరతు.

ఇట్లు,
మీ తొమ్మిదవ తరగతి విద్యార్థిని