గామా పహిల్వాను: ఒక మల్లుని సాధన

దేహబలమును గూర్చి లోకమున రెండు విధములైన అభిప్రాయములు వ్యాపించియున్నవి. దేహము నశించునదే కావున దాని పోషణ వ్యర్థశ్రమ యని కొందరందురు. దేహపుష్టియే జీవితమునకు పరమావధి యని మరికొందరు తలంతురు. ఈ రెండింటికిని నడుమ మరియొక మార్గము కలదు. దేహమును భగవంతుడొసగిన పనిముట్టుగా నెంచి, నియమముచే దానిని పదునుపరచి, సమయము వచ్చినపుడు పరుల రక్షణకై వినియోగించుటయే ఆ మార్గము. మట్టిగోదాలో ఈ మార్గమున నడచిన యొక మల్లుని చరిత్రను ఇందు సంగ్రహముగా తెలిపెదము. ఆతడే గామా పహిల్వాను.

గామా యనునది ముద్దుపేరు. అసలు పేరు గులాం మహమ్మదు. 1878వ సంవత్సరమున, పంజాబునందు స్థిరపడిన కాశ్మీరీ మహమ్మదీయ కుటుంబములో ఆతడు జన్మించెను. తరతరములుగా కుస్తీయే ఆ యింటివారి వృత్తి. తండ్రి అజీజ్ బక్షు బుందేల్‌ఖండమునందలి దతియా సంస్థానమున పేరెన్నికగన్న మల్లుడు. ఆ కాలమున స్వదేశ సంస్థానాధీశులు కవులను, గాయకులను పోషించినట్లే మల్లులను కూడ పోషించుచుండిరి. వారికి వలసిన పాలు, నెయ్యి, బాదముపప్పు సంస్థానపు ఖర్చుతోనే సమకూరుచుండెను. రాజాశ్రయము లేనిదే కుస్తీని వృత్తిగా స్వీకరించి బ్రతుకుట దుర్లభముగా నుండెను.

గామా ఆరేండ్ల బాలుడై యుండగనే తండ్రి మరణించెను. బాలుని, వాని తమ్ముడగు ఇమాం బక్షును మాతామహుడు నూన్ పహిల్వాను చేరదీసెను. కొంతకాలమునకు ఆతడును గతించెను. అప్పుడు మేనమామ యగు ఈదా పహిల్వాను ఆ భారమును వహించెను. తన బావమరది కుమారుని గొప్ప మల్లునిగా చూడగోరి, ఆ కోరిక తీరకయే కన్నుమూసెను. ఆ కోరికను తాను నెరవేర్చవలెనని ఈదా నిశ్చయించుకొనెను. తండ్రి లేని బిడ్డకు జాలి చూపి విడిచిపెట్టుట సులభమే. కాని ఆతడు బాలునికి జాలికి బదులు ఒక క్రమశిక్షణను ప్రసాదించెను.

ఉత్తరదేశమున అఖాడా యని, మన ప్రాంతమున తాలింఖానా యని పిలువబడు మల్లవిద్యాలయము ఎట్టిదో ఇచ్చట కొంచెము వివరింపవలసియున్నది. అందు పుస్తకములు లేవు, బల్లలు లేవు. మెత్తని మట్టి నింపిన చతురస్రాకారపు గోదా, ఒక బావి, నాలుగు చెట్ల నీడ, బోధించుటకు ఒక వస్తాదు, ఇంతియే. గోదాలోని మట్టిని ఏరి, జల్లించి, అందు నూనె, మజ్జిగ, పసుపు మున్నగునవి కలుపుదురు. శిష్యుడు తెల్లవారకమున్నే లేచి పలుగుపారలతో ఆ మట్టిని త్రవ్వి, గుల్లచేసి, చదును చేయవలెను. పడువానికి దెబ్బ తగులకుండుటకు ఈ పని అవసరము. త్రవ్వువాని భుజములకు, నడుమునకు ఇదియే మొదటి వ్యాయామము. ఇట్లు సేవయు శిక్షణయు అచ్చట వేరు వేరుగా నుండవు. గోదాలో అడుగిడునపుడు మట్టిని తాకి కన్నులకద్దుకొనుట ఆచారము. హిందువులు ఆంజనేయుని స్మరింతురు. మహమ్మదీయులు అలీని తలంతురు. మట్టి మాత్రము అందరికిని ఒక్కటియే. కలకత్తాలో అంబికాచరణ గుహుని గోదాలో యువకుడగు నరేంద్రనాథుడు కుస్తీ నేర్చిన సంగతి మన పాఠకులు ఎరిగినదే.

ఉదయము జోడుతో కుస్తీపట్టుట, సాయంకాలము దండీలు, బస్కీలు తీయుట, ఇది నిత్యక్రమము. చేతులు, కాళ్లు నేలపై నానించి, దేహమును విల్లువలె వంచి, వక్షఃస్థలమును నేలకు దగ్గరగా పోనిచ్చి లేచుట దండీ. నిలుచుండి, మోకాళ్లు వంచి కూర్చుండి, మరల లేచుట బస్కీ. చూచుటకు ఇవి మిక్కిలి సులభములు. పదిమారులు ఎవ్వరైనను చేయగలరు. నూరుమారులు చేయునపుడు కండరములు ఎదురుతిరుగును. అయిదువందలు చేయవలెనన్న ఊపిరి, లెక్క, కదలిక ఈ మూడును ఒక్క తాళమున నడువవలెను. మనస్సు అటునిటు పోయినచో లెక్క తప్పును. లెక్క తప్పినచో శ్వాస తప్పును. జపమాల త్రిప్పువాడు ఎరిగిన కష్టమునే మల్లుడు కూడ మరియొక విధమున ఎరుగును. పదియేండ్ల ప్రాయమునకే గామా దినమునకు 500 దండీలు, 500 బస్కీలు చేయుచుండెననియు, గోదా మట్టిని త్రవ్వుట దీనికి అదనముగా నుండెననియు చెప్పుదురు. ఆ వయస్సున ఆతని ఆహారము పాలు, బాదముపప్పు, పండ్లరసము.

ఆహారనిద్రలయందు మితము, బ్రహ్మచర్యము, పెద్దల యెడ వినయము, వీథిలో ఎవ్వరితోను కలహింపకుండుట మల్లశిష్యునకు విధింపబడిన నియమములు. చిన్నవాడు పెద్దవాని ఒడలికి నూనె రాచి మర్దన చేయవలెను. ఓడించిన వాని యందు ద్వేషము, ఓడిన వాని యందు చులకన పనికిరావు. బలము పెరుగుకొలది దానిని అదుపున నుంచు శక్తియు పెరుగవలెనని ఈ నియమములకు తాత్పర్యము. ఈ రెండవ శక్తి లేని బలవంతుడు ఊరికి ఉపద్రవమే యగును.

1888వ సంవత్సరమున జోధ్‌పూరు మహారాజు ఒక విచిత్రమైన పోటీని ఏర్పాటుచేసెను. దేశము నలుమూలల నుండి నాలుగువందల మందికి పైగా మల్లులు అచ్చట చేరిరి. ఎవ్వరు ఎక్కువ బస్కీలు తీయుదురో వారే విజేతలు. పదియేండ్ల గామా కూడ ఆ వరుసలో నిలిచెను. గంటలు గడచినకొలది ఒక్కొక్కరే కూలబడసాగిరి. తుదకు మిగిలిన పదునైదుగురిలో ఈ బాలుడొకడు. ఆతని లేతవయస్సును, నిలుకడను చూచి మహారాజు ఆతనినే విజేతగా ప్రకటించెను. ఆ శ్రమ వలన బాలుడు కొన్నిదినములు మంచము పట్టెనని చెప్పుదురు. ఆనాడు గెలిచినది కండబలము కాదు. నాలుగువందల మంది పెద్దలకు అంతకంటె అధికమైన కండబలము కలదు. ఆగిపొమ్మని దేహము మొరపెట్టుకొనునపుడు ఇంకొక్కటి యని చెప్పగలిగిన మనస్సే గెలిచినది.

పిమ్మట దతియా మహారాజు ఆతనిని తన పోషణలోనికి తీసికొనెను. యౌవనమున గామా చేసిన సాధన వినువారికి నమ్మశక్యము కాదు. దినమునకు 3,000 దండీలు, 5,000 బస్కీలు చేసి, గోదాలో నలుబదిమంది మల్లులతో వరుసగా కుస్తీ పట్టుచుండెనని ప్రసిద్ధి. ఆతడు పొడవరి కాడు. ఎత్తు సుమారు 5 అడుగుల 7 అంగుళములు మాత్రమే.

అట్టివాడు 1895లో, పదునేడేండ్ల వయస్సున, గుజ్రన్‌వాలాకు చెందిన రహీం బక్షును ఎదుర్కొనెను. రహీం బక్షు దాదాపు 7 అడుగుల ఎత్తరి, నాటి మల్లులలో అగ్రగణ్యుడు. అనుభవము ఆతని పక్షముననే యుండెను. ఆ పోరు గంటలతరబడి సాగినది. గామా ముక్కునుండి, చెవులనుండి రక్తము కారెను. అయినను ఆతడు వెనుదీయలేదు. తుదకు ఇద్దరును సమానులని తీర్పు చెప్పబడెను. అనంతర సంవత్సరములలో గామా దేశమునందలి మేటి మల్లులను ఒక్కొక్కరినే జయించెను. రహీం బక్షు ఒక్కడే జయింపబడక మిగిలెను.

1910లో బెంగాలుకు చెందిన శరత్‌కుమార మిత్రుడను ధనికుని సాహాయ్యమున గామా, ఇమాం బక్షు మున్నగు మల్లులు లండను నగరమునకు వెడలిరి. అచ్చట జరుగు ప్రపంచ పోటీలో గామాకు ప్రవేశము లభింపలేదు. ఎత్తు చాలదని నిర్వాహకులు త్రోసిపుచ్చిరి. అంత ఆతడు బహిరంగముగా ఒక సవాలు ప్రకటించెను. ఎంత బరువుగలవారైనను సరియే, ముగ్గురు మల్లులను 30 నిమిషములలో పడగొట్టెదననెను. ఇది వట్టి ప్రగల్భమని తలంచి మొదట ఎవ్వరును ముందునకు రాలేదు. తుదకు అమెరికా దేశీయుడును, వృత్తిచే వైద్యుడును అగు బెంజమిన్ రోలరు ముందునకు వచ్చెను. గామా ఆతనిని మొదటిమారు రెండు నిమిషములలోపలనే పడగొట్టి, రెండవమారును ఓడించెను. మరునాడు పండ్రెండుగురు ఆతని చేతిలో ఓడిరి. ఇక పోటీలో చేర్చుకొనక తప్పినది కాదు.

సెప్టెంబరు 10వ తేదీన పోలిష్ జాతీయుడగు స్టానిస్లాస్ జిబిస్కోతో పోరు జరిగెను. గెలిచినవారికి 250 పౌనులును, జాన్ బుల్ పేరిట నొక నడికట్టును బహుమానము. జిబిస్కో మిక్కిలి భారీ దేహము గలవాడు. గామా పట్టు ఎట్టిదో మొదటనే గ్రహించి, చాపపై బోరగిలబడి, నేలను కరచుకొని యుండిపోయెను. దాదాపు రెండున్నర గంటలపాటు ఆతడు కదలలేదు. గామా ఎంత ప్రయత్నించినను ఆతనిని వెల్లకిల త్రిప్పలేకపోయెను. ఫలితము తేలక, సెప్టెంబరు 17న మరల పోరాడవలెనని నిర్ణయించిరి. ఆ దినమున గామా వచ్చి నిలిచెను, జిబిస్కో రాలేదు. నడికట్టు గామాకు దక్కెను. పరపాలనలో నలుగుచున్న ఈ దేశమునకు ఆ వార్త ఎంతటి ఉత్సాహమును కలిగించెనో ఊహింపవచ్చును.

స్వదేశమునకు తిరిగివచ్చిన పిమ్మట అలహాబాదులో గామా రహీం బక్షును ఎదుర్కొని జయించి రుస్తుమే హింద్ బిరుదమును పొందెను. ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. తాను ఎదుర్కొన్న వారిలో మహాబలుడెవ్వరని తరువాత నెవరో యడుగగా, గామా రహీం బక్షు పేరే చెప్పెనట. తనకంటె పెద్దవాడు గురుతుల్యుడనియు, పోరు ముగిసిన పిదప ఆతనితో చేయి కలుపక, ఆతని పాదధూళిని తుడిచితిననియు తెలిపెనట. తాను పడగొట్టిన వాని పాదములకు వంగగలుగుట, పడగొట్టుటకంటె కష్టమైన పట్టు. తాలింఖానాలో చిన్ననాడు నేర్చిన పాఠము ఆతనిని విడువలేదని దీనివలన తెలియుచున్నది.

పదునెనిమిదేండ్ల తరువాత, 1928 జనవరిలో, పటియాలా మహారాజు జిబిస్కోను తన సంస్థానమునకు రప్పించెను. గామా వయస్సు అప్పటికి ఏబదికి సమీపించినది. ఈమారు పోరు మట్టిగోదాలో జరిగెను. వేలకొలది జనులు సర్దుకొని కూర్చుండునంతలో, ఒక్క నిమిషమైనను గడువకయే, జిబిస్కో వెల్లకిల పడెను. ఓడినవాడు గెలిచినవానిని మనసార ప్రశంసించెను.

ఇంతవరకు చెప్పినది మల్లుని కీర్తి. ఆతని సాధనకు అసలైన పరీక్ష ఇంకను ముందున్నది. 1947లో దేశము విభజింపబడెను. లాహోరు నగరము మంటలపాలయ్యెను. నాడు గామా మోహినీ వీథిలో నివసించుచుండెను. ఆ పేటలో హిందూ కుటుంబములు పెక్కు కలవు. నిన్నటివరకు ఇరుగుపొరుగుగా నున్నవారే ఒకరినొకరు చంపుకొనుచున్న ఆ దినములలో, తన పొరుగువారికి ఏ కీడును రానీయనని గామా ప్రతిన పూనెను. ఒకనాడు అల్లరిమూక ఆ వీథిలోనికి చొరబడగా, ఏడుపదులకు సమీపించిన ఆ వృద్ధమల్లుడు తన శిష్యులతో కలిసి అడ్డముగా నిలిచెనని, ముందు నడచుచున్న వానిని ఒక్క చెంపదెబ్బ కొట్టగా మూక చెదరిపోయెనని చెప్పుదురు. పరిస్థితి మరింత విషమించినపుడు, ఆ కుటుంబములకు కొన్నిదినములకు సరిపడు వెచ్చములను తన ఖర్చుతో సమకూర్చి, వారిని సరిహద్దువరకు క్షేమముగా సాగనంపెనట.

జిబిస్కోను పడగొట్టునపుడు వేలమంది ఆతని పక్షమున నుండిరి. మోహినీ వీథిలో ఆతని ఎదుట నిలిచినవారు ఆతని మతమువారే. లోకమంతయు ఒకవైపు కొట్టుకొనిపోవుచుండగా నేలను ఆనుకొని నిలుచుటకు వలసిన బలము దండీలు, బస్కీల వలన మాత్రమే రాదు. కాని బాల్యమునుండి దేహమును, కోపమును, గర్వమును నియమమున నుంచుట అలవాటైన వానికి ఆ క్షణమున కాలు తడబడదు. నాలుగువందల మంది కూలబడుచున్న వేళ జోధ్‌పూరులో నిలిచిన బాలుడే లాహోరులోను నిలిచెను.

ఆతని తుదిదినములు సుఖముగా గడువలేదు. సంస్థానములతోపాటు మల్లులకు రాజాశ్రయమును అంతరించెను. కుమారులు చిన్ననాడే గతించిరి. ఒకప్పుడు దినమునకు వేలకొలది బస్కీలు తీసిన దేహమును హృద్రోగము, ఉబ్బసము క్రుంగదీసెను. మందులకు కూడ ధనము చాలని స్థితి ఏర్పడెను. ఆ సంగతి తెలిసి, సరిహద్దునకు ఈవలనున్న ఘనశ్యామదాస్ బిర్లా 2,000 రూపాయలు పంపి, నెలకు 300 రూపాయల భృతిని ఏర్పరచెను. పాకిస్తాను ప్రభుత్వము కూడ కొంత సాహాయ్యము చేసెను. 1960 మే 23న లాహోరులో గామా పరమపదించెను.

దేహము ఎంతటి దృఢమైనదైనను కాలము దానిని వెల్లకిల త్రిప్పక మానదు. ఆ పోరులో గామాయు గెలువలేదు, ఎవ్వరును గెలువలేరు. ఆతడు గెలుచుకొన్న నడికట్టు నేడు ఎవ్వరికిని ఉపయోగపడదు. ఆతడు సరిహద్దు దాటించిన కుటుంబముల బిడ్డలు, వారి బిడ్డలు మాత్రము ఎచ్చటనో జీవించుచునే యుందురు. మనకును దేహము కలదు, దినదినము కొంత అభ్యాసము కలదు, ఏదో యొక వీథిలో ఇరుగుపొరుగును కలదు. మనము చేయు సాధన ఎట్టిదైనను, అది ఎవరికొరకో మనలను మనమే ప్రశ్నించుకొనుట మేలు.