జార్జి గెర్ష్విన్ – క్యూబా తాళము

సంగీతమునకు ఎల్లలు లేవందురు. ఆ మాటను వాద్యబృందమునందు అమర్చి చూపినవారిలో అమెరికా దేశస్థుడైన జార్జి గెర్ష్విన్ ఒకడు.

ఆతడు 1898 సెప్టెంబరు 26న న్యూయార్కు నగరమందలి బ్రూక్లిన్‌లో, రష్యానుండి వలస వచ్చిన యూదు దంపతులకు జన్మించెను. అన్న ఐరా కొరకు కొన్న పియానో తమ్మునికి ప్రాణమయ్యెను. పదునైదవ యేటనే బడి మాని, వారమునకు 15 డాలర్ల జీతముపై, పాటల ప్రచురణాలయమున కొత్త పాటలను వాయించి వినిపించు కొలువులో చేరెను. 1924లో వెలువడిన 'రాప్సొడీ ఇన్ బ్లూ' ఆతనికి విశేషఖ్యాతిని తెచ్చెను.

1932 ఫిబ్రవరిలో గెర్ష్విన్ విశ్రాంతికై క్యూబా రాజధాని హవానాకు వెళ్లెను. ఆఫ్రికానుండి బానిసలుగా తేబడినవారి తాళములును, స్పెయిన్ దేశపు బాణీలును కలిసిన సంగీతము అచ్చట ఆతని మనస్సును దోచెను. రెండు కర్రముక్కలను తట్టి మ్రోయించు క్లావెస్, జంట చిరుడోళ్లయిన బాంగో, గాట్లు పెట్టిన ఎండుబుర్రను పుల్లతో గీకు గుయీరో, గింజలు గలగలలాడు మరాకాస్ — ఈ నాలుగింటిని చేర్చి ఆతడు 'రుంబా' అను కృతిని రచించెను. ఆ యేడు ఆగస్టు 16న న్యూయార్కు లూయిసోన్ క్రీడారంగమున, సుమారు 18,000 మంది శ్రోతల యెదుట అది తొలిసారి వినిపింపబడెను. కొలది నెలలకే దానికి 'క్యూబన్ ఓవర్చర్' అని పేరు మారెను.

పాశ్చాత్య వాద్యబృందమున తాళవాద్యములకు వెనుకవరుసయే స్థానము. గెర్ష్విన్ ఈ క్యూబా వాద్యముల బొమ్మలను స్వరపత్రమున చేర్చి, వానిని నిర్వాహకుని యెదుటనే నిలుపవలెనని నిర్దేశించెను. డప్పును, ఒగ్గుడోలును ఎరిగిన గోదావరిఖని గనిప్రాంతవాసులకు ఈ మర్యాద విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

అయినను ఒక ఋణమును మరువరాదు. ఆ కృతియందలి ప్రధానమైన బాణీ హవానా సంగీతకారుడు ఇగ్నాసియో పినేరో కట్టిన 'ఎచలే సల్సీతా' అను పాటనుండి గ్రహించినది. వాద్యములకు ముందువరుస దొరకెను గాని, బాణీ కట్టినవాని పేరు లోకమున వెనుకవరుసనే నిలిచెను.

1935లో 'పోర్గీ అండ్ బెస్' అను సంగీతనాటకమును వెలువరించిన గెర్ష్విన్, 1937 జూలై 11న మెదడులో ఏర్పడిన కంతి వలన, ముప్పదియెనిమిదవ యేటనే కన్నుమూసెను. ఆతని క్యూబా కృతిని తరువాతివారు కచేరీ బ్యాండ్లకు అనువుగా మార్చి వ్రాసిరి. వయొలిన్లు లేని ఆ బ్యాండ్లలో వాని పలుకులను క్లారినెట్లు మొదలగు ఊదుడు వాద్యములు పలుకును. కర్రముక్కల తాళమునకు మాత్రము బదులు వెదకవలసిన పని లేకపోయెను.