ఒమాహా తెగ డాక్టరమ్మ

పిల్లలూ, ఈ సంచికలో మన పెద్దల గురించి చాలామంది రాస్తున్నారు. నేను సముద్రాలకు అవతల పుట్టిన ఒక ఆదివాసీ ఆడబిడ్డ గురించి రాస్తున్నాను. ఆమె పేరు సూజన్ లఫ్లెష్ పికాట్. అమెరికా మూలవాసుల్లో డాక్టరు చదువు పూర్తిచేసిన తొలి మహిళ.

నెబ్రాస్కా రాష్ట్రంలో మిస్సోరి నది పక్కన ఒమాహా తెగవారి రిజర్వేషన్ ఉంది. రిజర్వేషన్ అంటే మనం అనుకునే ఉద్యోగాల రిజర్వేషన్ కాదు. వాళ్ల నేలంతా పోగా ప్రభుత్వం ఆ తెగకు మిగిల్చిన ప్రాంతం. 1865 జూన్ 17న సూజన్ అక్కడే పుట్టింది. తండ్రి జోసెఫ్ లఫ్లెష్ తెగ పెద్ద. వేటాడే అడవిదున్నల మందలు తరిగిపోతున్న రోజులవి. తెల్లవాళ్ల చదువు నేర్వకపోతే తన వాళ్లకు బతుకు లేదని ఆయన నమ్మాడు. ఆ మాట తెగలో అందరికీ నచ్చలేదు.

సూజన్ చిన్నతనంలో ఒక ముసలమ్మకు జబ్బు చేసింది. ఆ పిల్లే పక్కన కూర్చుంది. ప్రభుత్వ డాక్టరుకు నాలుగుసార్లు కబురు పంపారు. వస్తానంటూనే ఆయన రాలేదు. తెల్లవారేలోగా ముసలమ్మ చనిపోయింది. జబ్బుపడింది ఆదివాసీ మనిషి కాబట్టే రాలేదని ఆ పిల్లకు అర్థమైంది. నొప్పితో మెలికలు తిరిగే మనిషిని ముందు పెట్టుకుని దారి చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో మన గూడేల్లో చాలామందికి చెప్పనక్కరలేదు. డోలీ మోసిన భుజాలు ఇంకా మన మధ్యే ఉన్నాయి.

వర్జీనియాలోని హాంప్టన్ విద్యాసంస్థలో 1886లో చదువు ముగించి, ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చేరింది. ఖర్చు కనెటికట్ రాష్ట్రంలోని ఒక మహిళా సంఘం భరించింది. చదువుకునేటప్పుడే కాదు, ఆ తర్వాత కొన్నేళ్లదాకా పెళ్లి చేసుకోకూడదని షరతు కూడా పెట్టింది! 1889లో 36 మంది ఉన్న తరగతిలో ఆమే మొదటి స్థానంలో నిలిచింది. ఆ దేశ రాజ్యాంగం ఆడవాళ్లకు ఓటు హక్కు ఇవ్వడానికి అప్పటికింకా 31 ఏళ్లుంది.

పట్నంలో ఉండిపోవచ్చు. సొంత గడ్డకే తిరిగొచ్చింది. మొదట ప్రభుత్వ హాస్టల్ బడి పిల్లలకు డాక్టరు. కొద్ది కాలానికే తెగవారందరి బాధ్యతా ఆమె మీద పడింది. 1,200 మందికి పైగా జనం, ఒక్క డాక్టరు. జీతం ఏడాదికి 500 డాలర్లు. మంచు కురిసే చలిలో గుర్రం మీదో, గుర్రపుబండి మీదో మైళ్లకు మైళ్లు తిరిగేది. క్షయ, ఫ్లూ, కళ్లకలకలు, తట్టు, అన్నీ ఆమె చేతిమీదుగానే. చెవి నొప్పి, ఎముకల నొప్పి ఆమెనూ పీడించేవి. 1893లో మంచం పట్టి ఉద్యోగం వదిలింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ కాలపు హాస్టల్ బళ్లు ఆదివాసీ పిల్లల జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడనివ్వకుండా చేసినవి. సూజన్ ఆ చదువును మంచిదనే నమ్మింది. హాస్టల్ వార్డెన్‌గా ఆ భాగం చదివినప్పుడల్లా నాకు గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. మా హాస్టల్లో పిల్లలు రాత్రిపూట తమ భాషలో గుసగుసలాడుకుంటే నేను ఆపను.

1894లో హెన్రీ పికాట్‌ను పెళ్లాడింది. ఇద్దరు కొడుకులు పుట్టారు. 1905లో భర్త పోయాడు. అతన్ని కుంగదీసిన వాటిలో మద్యం ఒకటి. రిజర్వేషన్‌లో సారా అమ్మకాలు ఆపించాలని ఆమె ఏళ్ల తరబడి పోరాడింది. ఒకే కప్పుతో అందరూ నీళ్లు తాగొద్దని, ఈగలు రాకుండా తలుపులకు జాలీ కట్టుకోమని ఊరూరా చెప్పింది. బిందెలో గ్లాసు ముంచొద్దని నేను అరిచే అరుపులు మా హాస్టల్లో చదివినవాళ్లకు గుర్తుండే ఉంటాయి. 1910లో భూముల విషయమై తెగ ప్రతినిధులతో వాషింగ్టన్ వెళ్లి అధికారులతో వాదించింది.

రోగిని పడుకోబెట్టడానికి నాలుగు గోడలు లేవన్న దిగులు మాత్రం ఆమెను వదల్లేదు. ప్రభుత్వాన్ని అడిగింది, రాలేదు. చర్చి సంస్థలను, తెలిసినవాళ్లను అడిగింది. ప్రెస్బిటేరియన్ మిషన్ బోర్డు 8,000 డాలర్లు, క్వేకర్లు 500 డాలర్లు ఇచ్చారు. స్థలం అక్క మార్గరెట్, బావ ఇచ్చారు. 1913లో వాల్ట్‌హిల్ ఊళ్లో ఆసుపత్రి తెరిచారు. రెండు జనరల్ వార్డులు, అయిదు ప్రత్యేక గదులు, కాన్పుల వార్డు, ఆపరేషన్ గది. ఆదివాసీలూ తెల్లవాళ్లూ అక్కడే వైద్యం చేయించుకున్నారు. తన వాళ్లకోసం ఎవరూ రాని రాత్రిని చూసిన పిల్ల, తలుపు కట్టించాక దాన్ని అందరికీ తీసి ఉంచింది.

ఆ ఆసుపత్రిలో ఆమె ఎక్కువకాలం పనిచేయలేకపోయింది. ఎముకల క్యాన్సర్‌తో 1915 సెప్టెంబర్ 18న, 50 ఏళ్ల వయసులో కన్నుమూసింది. ఆసుపత్రి 1940ల దాకా నడిచింది. ఆ కట్టడం ఆమె పేరుతోనే ఇప్పటికీ వాల్ట్‌హిల్‌లో ఉంది. 1993లో దాన్ని జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించారు.